పొయ్యి పన్ను

క్యోటో నగరమును చూచి వచ్చినవారు అచ్చటి దేవాలయములను గూర్చియు, ఉద్యానములను గూర్చియు చెప్పుట పరిపాటి. అది సహజమే. 794వ సంవత్సరమున రాజధానిగా నేర్పడి, వేయి సంవత్సరములకు పైగా చక్రవర్తులకు నివాసస్థానమై, చీనాదేశపు చాంగాన్ నగరమును ఒరవడిగా గైకొని చదరంగపు బల్లవలె నిలువు వీధులతోను అడ్డ వీధులతోను తీర్పబడిన పట్టణమది. అచ్చటి ఆలయములన్నిటిని చూచి ముగించుటకు ఒక జన్మము చాలదు. మొన్నటి వేసవి సెలవులలో నేనచ్చట పదునొకండు దినములు గడపితిని. ఆలయములను నేనును చూచితిని. కాని వానిని వర్ణించుటకు నాకంటె సమర్థులు పెక్కండ్రు కలరు. నేను బడిపంతులను. ఏ యూరికి పోయినను నా చూపు ముందుగా బడిమీదికి పోవును. కావున క్యోటోలోని బడులను గూర్చియు, వానిని నాకు చూపిన మిత్రులను గూర్చియు వ్రాయుచున్నాను.

నాకు ఆ యూరిలో రెండిండ్లు కలవని చెప్పవచ్చును. ఒకటి నా శిష్యునిది. పదునెనిమిదేండ్ల క్రిందట నాయొద్ద పదవ తరగతి చదివిన పిల్లవాడు నేడక్కడ ఒక యంత్రపరికరముల కర్మాగారమున ఇంజనీరుగా నున్నాడు. భార్యయు, ఆఱేండ్ల కూతురును వానితో నున్నారు. రెండవ యిల్లు ఒక జపాను పండితునిది. ఆయన యౌవనమున పూనాకు వచ్చి రెండేండ్లు సంస్కృతవ్యాకరణము చదివినవాడు. ఒక సంస్కృత సభలో పరిచయమై, పిమ్మట ఉత్తరముల మూలమున మా స్నేహము ముదిరినది. ఆయనకు ఇంగ్లీషు కొంచెమే వచ్చును; నాకు జపాను భాష బొత్తిగా రాదు; కావున సంస్కృతము నాశ్రయించితిమి. పాణినిని చదివినవారికి బస్సు టిక్కెట్టు కొనుటకు కావలసిన మాటలు నోటికి రావని ఆ వీధులలో మా యిరువురకును తెలిసినది. "ఇదం యానం కుత్ర గచ్ఛతి?" అని నేనడుగగా ప్రక్కనున్న విద్యార్థినులు మేమేదో మంత్రము జపించుచున్నామని తలచి తల వంచి నమస్కరించిరి! ఆయన భార్య ముప్పదియైదేండ్లు ప్రాథమిక పాఠశాలలలో ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించినది. ఆమెకును నాకును నా శిష్యుడే దుబాసి.

మొదటి రెండు దినములు ఊరు తిరిగితిమి. తకనో, కామో నదులు కలియుచోట నీటికడ్డముగా రాళ్లు పఱచి యున్నారు; వానిలో కొన్ని తాబేళ్ల యాకారమున చెక్కబడినవి. ఒక తాబేటి వీపుమీదినుండి మఱియొక తాబేటి వీపుమీదికి దాటుచు బాలురు, వృద్ధులు, ఉద్యోగస్థులు నది నావలికి పోవుచుందురు. నగరమధ్యమున పాఱుచున్న యేటిలో అడుగునున్న గులకరాళ్లు కనబడుట చూచి నేను చాలసేపు మాటాడలేకపోతిని. మన కృష్ణాతీరపు పట్టణములలో మురుగుకాలువ కలియని రేవు వెదకవలెను గదా.

మఱునాడు నాన్‌జెన్‌జి యాలయమునకు పోయితిమి. ఆ ప్రాంగణమున ఎఱ్ఱ యిటుకల కమానులమీద నొక కాలువ పోవుచున్నది. బివా యను పెద్ద సరస్సునుండి కొండలు తొలిచి తెచ్చిన నీరది. ఆ కాలువకు ఒక చరిత్ర కలదు. 1869వ సంవత్సరమున చక్రవర్తి క్యోటోను విడిచి టోక్యోకు తరలిపోయెను. ఆయనతో కొలువువారును, కొలువును నమ్ముకొన్న వర్తకులును, పనివారును పోయిరి. రాజు పోయిన పట్టణమునకు ఏమి గతి పట్టునో మన దేశచరిత్ర చదివినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. హంపీ శిథిలములే చెప్పును. క్యోటో వారట్లు ఏడ్చుచు కూర్చుండలేదు. అప్పుడే చదువు ముగించి వచ్చిన తనాబే సకురో అను యువకుని చేతికి కాలువపని నప్పగించిరి. 1890లో నీరు నగరమునకు వచ్చినది. మఱుసటి సంవత్సరమే ఆ నీటితో విద్యుచ్ఛక్తి పుట్టించిరి. 1895లో ఆ శక్తితో జపాను దేశమున మొట్టమొదటి విద్యుత్తు ట్రాముబండిని నడపిరి. మా పండితమిత్రుడు ఇదంతయు చెప్పి, "కాలువ తరువాతిది, ముందు బడి" అనెను.

ఆ బడుల కథ వినుటకు మమ్ము పాఠశాలా చరిత్ర ప్రదర్శనశాలకు తీసికొనిపోయిరి. అది యొకప్పుడు కైచి యను పేరుగల ప్రాథమిక పాఠశాల. పిల్లలు తగ్గి మూతపడిన పిమ్మట 1998లో ప్రదర్శనశాలగా మార్చిరి. చక్రవర్తి తరలిపోయిన ఆ 1869వ సంవత్సరములోనే క్యోటో ప్రజలు పేటపేటకును ఒక్కొక్క బడి చొప్పున 64 బడులు స్థాపించిరి. దేశమంతటికిని విద్యాశాసనము వచ్చినది 1872లో. అనగా ప్రభుత్వము చేయుడని శాసించుటకు మూడేండ్ల ముందే యీ పట్టణము తన పిల్లలకు బడులు కట్టుకొన్నది. నగరాధికారులు ప్రోత్సహించి కొంత ధనసహాయము చేసిరి. తక్కిన భారము పేటలవారే మోసిరి. ఎట్లు మోసిరన్నది నా మనస్సున నాటుకొన్నది. ఇంటింటికి పొయ్యి లెక్కన సొమ్ము వసూలు చేసిరి. దానికి పేరే "కమదో కిన్", అనగా పొయ్యి సొమ్ము. ఇంట పిల్లలున్నారా లేరా యను విచారణ లేదు. పొయ్యి రాజుచున్నదా, బడికి సొమ్మియ్యవలెను. పిల్లలులేని ముసలి విధవయు, పెండ్లికాని చేతిపనివాడును, పిల్లలు పెరిగి వేఱుపడిన వర్తకుడును ఇచ్చిరి.

ఆ బడి పిల్లలకు మాత్రమే కాదు. పేటవారి సమావేశమందిరము అదియే. పైకప్పుమీద నొక చిన్న గోపురము కట్టి, అందుండి అగ్నిభయమునకు కాపలా కాచెడివారు; ప్రొద్దు తెలుపుటకు డోలు మ్రోగించెడివారు. కఱ్ఱయిండ్ల యూరిలో నిప్పు కనిపెట్టుటకంటె ముఖ్యమైన పని లేదు. బడిని ఆ పనికి కూడ నియోగించిన బుద్ధి మెచ్చదగినది. నేటికిని బడులు మూతపడిన పేటలలో సయితము ప్రజలు తమ పాత బడి పేరుతోనే తమ పేటను చెప్పుకొందురట. ఆ పేరుతోనే యేటేట ఆటలపోటీలు జరుపుకొందురట. తత్సుయికె అను మఱియొక పాత బడి 2006 నుండి బొమ్మలకథల ప్రదర్శనశాలగా నున్నది. దాని ముందఱి పచ్చికమీద వెల్లకిలపడి చదువుకొనుచున్న పిల్లలను చూచి నా శిష్యుని కూతురు ఇంటికి రానని మొండికేసినది.

పొయ్యి యను మాట విన్నప్పటినుండి నాకు మన యిండ్లు జ్ఞప్తికి వచ్చుచుండెను. మన యింట పొయ్యి యెంత పవిత్రమైనది! ఎవ్వరు దాని దరికి రాదగునో, ఎవ్వరి నీడ దానిమీద పడరాదో, ఎవ్వరు తాకిన నీటితో దానిపై ఎసరు పెట్టరాదో మన పెద్దలు ఎంత సూక్ష్మముగ నిర్ణయించిరి! ఇతరులను వెలుపల నుంచుటకు మనము పొయ్యిని గుఱుతుగా పెట్టుకొంటిమి. ఇతరుల బిడ్డలకు చేయవలసిన ఋణమును లెక్కించుటకు వారు పొయ్యిని కొలతగా పెట్టుకొనిరి. స్త్రీవిద్య విషయమునను అంతే. కామో నదీతీరమున 1872లోనే బాలికలకు ప్రభుత్వము పాఠశాల తెఱచినది. మన వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టినది 1874లో. కాలమున రెండేండ్లే భేదము. కాని అచ్చట ప్రభుత్వము వెనుక నిలిచినది, ఇచ్చట ఊరు వెనుకనుండి రాళ్లు వేసినది.

అట్లని ఆ దేశమును నెత్తికెత్తుకొని కీర్తించుట నా యుద్దేశము కాదు. 1905లో జపాను రష్యాను గెలిచినప్పుడు మన పత్రికలు పరవశమొందినవి. అదే బడులలో 1890 నుండి చక్రవర్తి విద్యాశాసనమును పిల్లలచేత భక్తితో వినిపించిరి. అట్లు పెరిగిన పిల్లలే యుద్ధమునకు పోయి చంపిరి, చచ్చిరి. 1945లో ఓటమి తరువాత అవే పాఠ్యపుస్తకములలోని యుద్ధపు మాటలను పిల్లలచేతనే నల్లసిరాతో పూయించిరి. నిన్నటి సత్యమును నేడు పిల్లల చేతులతోనే చెఱిపించిన ఉపాధ్యాయుని స్థితి యెట్టిదో తలచుకొని నాకు ఒడలు జలదరించినది.

ఇక అసలు సంగతికి వచ్చుచున్నాను. నా శిష్యుని కూతురు ఏప్రిల్ నెలలో ఒకటవ తరగతిలో చేరినది. చేరునప్పుడు తల్లి కుట్టి పంపవలసిన వస్తువులలో నేల తుడుచు గుడ్డ యొకటి. మధ్యాహ్న భోజనమైన పిదప పావుగంటయో, ఇరువది నిమిషములో పిల్లలందఱును బడిని శుభ్రము చేయుదురు. ఊడ్చువారు కొందఱు, బల్లలు జరుపువారు కొందఱు, తడిగుడ్డను రెండు చేతులతో నేలకదిమి నడవ ఈ కొననుండి ఆ కొనకు పరుగెత్తువారు కొందఱు. చిన్నవారికి మొదట ఆఱవ తరగతివారు నేర్పుదురు. కొన్ని బడులలో పెద్ద తరగతులవారు మరుగుదొడ్లను కూడ కడుగుదురు. మరమ్మతులు మున్నగునవి చూచుకొనుటకు జీతగాడు కలడు గాని పిల్లలు చేసిన మురికి పిల్లలదే. భోజనమును అంతే. వంతువారీగా తెల్లని టోపీలు, పై అంగీలు ధరించి పిల్లలే వడ్డింతురు; ఉపాధ్యాయుడును ఆ గదిలోనే, ఆ కూడే తినును. మన సంస్కర్తలు నాడు సహపంక్తి భోజనముల కొఱకు సభలు చేసి, తీర్మానములు చేసి, వెలిపడి, ఎంత శ్రమపడిరో యెఱిగిన నాకు ఆ మాట వినుటయే పండుగ వలె నుండెను.

ఆ సాయంకాలము పండితమిత్రుని యింట కూర్చుండి యుంటిమి. ఉజి ప్రాంతపు క్రొత్త తేయాకు వచ్చు మాసమది. ఆమె పోసియిచ్చిన పచ్చని తేనీరు త్రాగుచు, ఇట్టి యేర్పాటు మన బడులలో వచ్చుట యెన్నడో అని నేనంటిని. నా శిష్యుడు గిన్నె క్రింద పెట్టెను.

"మాస్టారూ, మన బడులలో పిల్లలు ఊడ్చుట లేదనుకొన్నారా? ఊడ్చుచున్నారు. ఏ పిల్లలు ఊడ్చుచున్నారన్నదే ప్రశ్న" అనెను.

వాడు మాదిగపల్లె నుండి వచ్చినవాడు. ఓంప్రకాశ్ వాల్మీకి తన ఆత్మకథలో ప్రధానోపాధ్యాయుడు తనచేత దినములతరబడి బడి ఆవరణ నూడ్పించిన సంగతి వ్రాసియున్నాడు. ఆ గ్రంథము 1997లో వెలువడినది. దానిని నేను చదివి తెలిసికొంటిని. వానికి చదువనక్కఱ లేకపోయినది. మాకు రాకపూర్వము చదివిన బడిలో నీళ్లు తెచ్చువాడును, ఊడ్చువాడును తానేయని వాడు నాకెన్నడును చెప్పియుండలేదు. ఆ సాయంకాలము చెప్పెను. కోపముతో చెప్పలేదు. గుడ్డ కుట్టి పంపుమన్న కాగితము ఇంటికి వచ్చిన రాత్రి తాను నిద్రపోలేదని మాత్రము చెప్పెను. భార్య కుట్టినదట, వాడు చూడలేక లేచి వెలుపలికి పోయినాడట.

ఇంకొక మాటయు చెప్పెను. క్యోటోలో వాని తోడి యుద్యోగులు కులమడుగరు. వారికి ఆ ప్రశ్నయే తెలియదు. కాని మన దేశస్థులు పదుగురు పండుగకు చేరినచో, నమస్కారము ముగియగానే, "మీ యింటిపేరేమండీ?" అందురు. ఊరిపేరుతో సరిపోనిచో "ఊరిలో ఏ వైపు?" అందురు. ఆ ప్రశ్న సముద్రమును దాటి, విమానమెక్కి, అనుమతిపత్రము లేకయే వచ్చినది. చదువరులలో విదేశములందు బిడ్డలున్నవారు ఈ ముక్కను వారికి ఉత్తరములో వ్రాయవలెనని నా ప్రార్థన.

మా మాటలు తెలుగులో సాగుచుండెను. ఆమె మా ముఖములను చూచుచు ఊరకుండి, ఏమని భర్తను సంజ్ఞతో నడిగినది. నేను సంస్కృతమున చెప్పితిని, ఆయన జపాను భాషలో చెప్పెను. ఆమె చాలసేపు గిన్నెవంక చూచి, "ఱేపు నాతో రండు" అనినది.

మఱునాడు ఒకజాకి యను చోటికి తీసికొనిపోయినది. అది చిత్రశాలలును, నాటకశాలయు నున్న విశాలమైన ప్రదేశము. యాత్రికులు ఎఱ్ఱని తోరణమును చూచుచు ముందుకు పోవుదురు. ఆమె మమ్మొక రాతి చిహ్నమువద్ద నిలిపినది. 1922వ సంవత్సరము మార్చి 3వ తేదీన సుయిహేయిషా యను సంఘము అచ్చట పుట్టినది. నీటిమట్టమువలె అందఱు సమానముగ నుండవలెనని ఆ పేరునకు భావము. తోలుపని చేయువారు, చచ్చిన పశువులను తీయువారు మున్నగువారిని జపానులోను తరతరములుగా ఊరి వెలుపల నుంచిరి. "అధికమైన మాలిన్యము" అని అర్థమిచ్చు అక్షరములతో వారి జాతిపేరు వ్రాసిరి. 1871లో ఆ పేరు చట్టముచే రద్దయినది. అనగా పొయ్యి సొమ్ముతో 64 బడులు తెఱచిన నాటికి ఆ పేరు ఇంకను చట్టములో నున్నది! పేరు రద్దయినను తీరు మాఱలేదు. పౌరుల పట్టీలలో వంశము తెలియుచుండెను. ఆ పాత పట్టీలను ఎవ్వరును చూడకుండ మూసివేసినది 1968లో. 1975లో వారి పేటల పేర్లు గల జాబితాలు రహస్యముగ అమ్ముడుపోవుచున్నట్లును, ఉద్యోగమిచ్చు వ్యాపారసంస్థలు వానిని కొన్నట్లును బయటపడినది. ఆ వివక్షను తొలగించుటకని 2016లో సయితము మఱియొక చట్టము చేయవలసివచ్చినది.

ఆ 1922 నాటి సభలో సైకో మాంకిచి మున్నగు పెద్దలతోపాటు ఒక బాలుడు మాటాడెను. పేరు యమదా కోనోజిరో, పదునాఱేండ్లవాడు. బడిలో ఉపాధ్యాయులు తనవంటి పిల్లలను చూచు చూపును గూర్చి ఆ బాలుడు చెప్పెనట. ఆమె ఈ మాట చెప్పునప్పుడు నా శిష్యుని చూడలేదు, నన్ను చూచినది. పంతులు పంతులను చూచినట్లు చూచినది.

అచ్చటినుండి రైల్వే స్టేషనుకు తూర్పుననున్న సూజిన్ పేటకు పోయితిమి. ఆ పేట ప్రజలకు బ్యాంకులు అప్పీయనందున వారే 1899లో యనగిహరా బ్యాంకు అను పేర నొక బ్యాంకు పెట్టుకొనిరి. అది 1927లో పడిపోయినది. 1907లో కట్టిన దాని కఱ్ఱకట్టడము మాత్రము నిలిచి 1997లో ప్రదర్శనశాలయైనది. నా శిష్యుడు ఆ చిన్న మేడ చుట్టును రెండుమాఱులు తిరిగెను. "మాస్టారూ, అప్పివ్వకపోతే బ్యాంకే పెట్టినారు" అని తనలో తాననుకొనెను. ఇప్పుడా పేటలోనికి నగర కళావిశ్వవిద్యాలయము 2023లో తరలివచ్చినది. పిల్లలు వాద్యముల పెట్టెలు వీపున మోయుచు పోవుచుండిరి.

ఆమె దారిలో చెప్పినదానిలో ఒకటి మాత్రము వ్రాసెదను. 1961లో కోచి ప్రాంతపు నాగహామలో అట్టి పేటల తల్లులు, చదువు ఉచితమని రాజ్యాంగము చెప్పుచుండగా పుస్తకములు కొనుమనుట ఏమి న్యాయమని యడిగి, పుస్తకములు కొనమని కూర్చుండిరి. 1963 నుండి క్రమముగా దేశమందలి పిల్లలందఱికిని పాఠ్యపుస్తకములు ఉచితముగా వచ్చినవి. ఆమె తాను ప్రతి యేడు క్రొత్త పుస్తకములు పంచునాడు ఆ తల్లుల కథ చెప్పెడిదట. "విన్న పిల్లల తల్లిదండ్రులలో కొందఱు, ఇట్టివి ఎందుకు చెప్పెదరు, పిల్లలకు తెలియకుండిన అదే పోవును గదా, అని వచ్చెడివారు. వారే కుమారునికి పెండ్లి కుదుర్చునప్పుడు కోడలి పుట్టినూరు ఏదని విచారించెడివారు" అని ఆమె నవ్వినది. మన యిండ్లలో వినబడు మాటయే క్యోటోలో వినవలసివచ్చినది.

ఆ రాత్రి అందఱము నా శిష్యుని యింట భోజనము చేసితిమి. పప్పు, గోంగూర పచ్చడి, జపాను బియ్యపు మెత్తని అన్నము. ఎనిమిదిన్నరకు వాని తల్లి యూరినుండి ఫోను చేసినది. మనుమరాలు బడిలో తానేమి చేసినదో చెప్పుచు నేల తుడిచితినని చెప్పివేసినది. అవతల ముసలమ్మ కంఠము గదియంతట వినబడినది.

"ఏరా, నేనూడ్చిన వాకిళ్లు చాలలేదా? సముద్రాలు దాటించి దాని చేతికీ చీపురే ఇచ్చావా?"

"అమ్మా, ఇక్కడ అందరూ ఊడుస్తారే."

"అందరూ అంటే? పెద్దింటోళ్ల పిల్లలు కూడానా?"

"మా టీచరు కూడా, నానమ్మా!" అని పిల్ల ఫోను లాగుకొన్నది.

కొంతసేపు ఆవలివైపు మాట లేదు. పిమ్మట ఆమె నన్ను పిలిపించినది. "మాస్టారండీ, పిల్ల మాట నిజమేనా? తమరు కళ్లారా చూశారా?" అని యడిగినది. నేను బడిలోపలికి పోలేదనియు, కాని ముప్పదియైదేండ్లు పిల్లలతో కలిసి నేల తుడిచిన పంతులమ్మ నా ప్రక్కనే కూర్చుండి గోంగూర తినుచున్నదనియు చెప్పితిని. "అయితే ఆయమ్మకి నా దండాలు చెప్పండి" అనినది. నా శిష్యుడు ఆ మాట జపాను భాషలో చెప్పగా పంతులమ్మ గిన్నె ప్రక్కన పెట్టి, చాపమీద రెండు చేతులు ఆనించి, ఫోనువైపు తల వంచినది. ఆ సంగతి పిల్ల నానమ్మకు చెప్పుచుండగనే, అచ్చట ఐదుగంటలైనదనియు, గేదెకు కుడితి పెట్టవలెననియు చెప్పి ఆ ముసలమ్మ ఫోను పెట్టివేసినది.